కడుపుతో ఉన్నప్పుడు చిగురుపై లేచిన బొడిపె: చిక్కడపల్లి దంత వైద్యశాలలో నా ఏడాది అనుభవం

గర్భం పద్దెనిమిదో వారంలో ఉండగా, ఒక ఉదయం పళ్లు తోముకుంటున్నప్పుడు ఉమ్మిన నురగ అంతా ఎర్రగా కనిపించింది. చిగుళ్ల నుంచి కాస్త రక్తం రావడం అంతకు నెల ముందు నుంచే ఉంది గనుక మొదట పట్టించుకోలేదు. అద్దం దగ్గరకు వెళ్లి పెదవి పైకెత్తి చూస్తే, పై వరుసలో కోరపన్నుకూ దాని పక్క పన్నుకూ మధ్య సందులో దానిమ్మ గింజంత బొడిపె ఉంది. నొప్పి లేదు గానీ వేలు తగిలితే చాలు, రక్తం కారేది. రెండు వారాలు తిరిగేసరికి అది శనగగింజంత అయింది. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఒంట్లో ఎక్కడ కొత్తగా కండ పెరిగినా మనసు ఎంత దూరం పోతుందో తల్లులందరికీ తెలుసు. క్యాన్సరేమోనన్న భయంతో నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. నాలాగే భయపడుతున్న వారికి ఉపయోగపడాలని ఈ దంత వైద్యశాల గురించి వివరంగా రాస్తున్నాను.

ఇక్కడికి రాకముందు హైదరాబాదు నగరంలోనే మరో రెండు చోట్లకు వెళ్లాను. మొదటి చోట నేను కుర్చీలో కూర్చోకముందే, ఎన్నో నెల అని అడిగి, ఐదో నెల అనగానే, "కాన్పు అయ్యాక రండమ్మా, ఇప్పుడు మేమేమీ ముట్టుకోము" అని పంపించేశారు. నోరు తెరిచి చూపించే అవకాశం కూడా ఇవ్వలేదు. రెండో చోట దానికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. చూసిన పది నిమిషాల్లోనే, ఈ రోజే లేజరుతో తీసేద్దామని, తొమ్మిది వేలు అవుతుందని చెప్పారు. నా రక్త పరీక్షల కాగితాలు అడగలేదు, నన్ను చూస్తున్న ప్రసూతి వైద్యురాలు ఎవరో అడగలేదు, తీసేస్తే మళ్లీ పెరిగే అవకాశం ఉందో లేదో చెప్పలేదు. ఇంట్లో మా అత్తయ్య, కడుపుతో ఉన్నప్పుడు పంటి జోలికి పోకూడదని గట్టిగా అన్నారు. ఆవిడ మాటలో ప్రేమే ఉందని నాకు తెలుసు, కానీ రోజూ రక్తం మింగుతూ ఇంకా నాలుగున్నర నెలలు ఎలా గడపాలో నాకు అర్థం కాలేదు.

బిడ్డ అవయవాల ఎదుగుదల చూసే టిఫా స్కాను కోసం వెళ్లినప్పుడు మా ప్రసూతి వైద్యురాలికి నోరు చూపించాను. ఆమె చిగుళ్ల నిపుణుల దగ్గరకే వెళ్లమని, మత్తు సూది వేసి పళ్లు శుభ్రం చేయడానికి తనకు అభ్యంతరం లేదని ఒక చీటీ రాసి ఇచ్చారు. ఆ చీటీతో, చిక్కడపల్లి మెట్రో స్టేషను నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఈ వైద్యశాలకు ఇరవయ్యో వారంలో వెళ్లాను.

ఈ సమీక్షలో నేను అన్నిటికంటే ముందు చెప్పాలనుకున్నది ఆ మొదటి రోజు గురించే. చిగుళ్ల వైద్య నిపుణురాలు నన్ను కుర్చీలో వెనక్కి వాల్చకముందే, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇరవై నిమిషాలు ప్రశ్నలు అడిగారు. వేవిళ్లు ఎప్పుడు మొదలయ్యాయి, ఇంకా వాంతులు అవుతున్నాయా, రక్తపోటు ఎంత ఉంటోంది, వాడుతున్న మాత్రలు ఏవి, ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉందా అని ఒక్కొక్కటీ రాసుకున్నారు. రక్తకణాల లెక్క తెలిపే సీబీపీ పరీక్ష కాగితం తీసి హిమోగ్లోబిన్‌తో పాటు ప్లేట్‌లెట్ల సంఖ్య చూశారు. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గాయేమో చూడకుండా పనిముట్టు ముట్టుకోకూడదని ఆమె చెప్పారు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్ష అయిందా అని అడిగి, ఇంకా కాలేదంటే ముందు అది చేయించుకుని రమ్మన్నారు. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ల వాపు పెరుగుతుందనీ, అది ముందే తెలిస్తే నోటి వైద్యం కూడా తేలికవుతుందనీ వివరించారు. అప్పటిదాకా నా నోరు వేరు, నా గర్భం వేరు అన్నట్టు మాట్లాడిన వాళ్లనే చూశాను. రెండూ ఒకే మనిషివన్న ఎరుకతో మాట్లాడిన మొదటి దంత వైద్యురాలు ఆమే.

తరువాత నోరు పరిశీలించి, చిన్న అద్దం నా చేతికిచ్చి, బొడిపె మొదలును చూపించారు. ఇది గర్భిణుల చిగుళ్లపై వచ్చే కండ అనీ, వైద్యులు దీన్ని పయోజెనిక్ గ్రాన్యులోమా అంటారనీ, ఆ పేరుకు అర్థం చీము పుట్టించేదని అయినా ఇందులో చీము ఉండదనీ, ఇది క్యాన్సర్ కాదనీ చెప్పారు. సన్నని రక్తనాళాలు గుంపుగా పెరిగి కండలా తయారవడం వల్లే అంత ఎర్రగా ఉంటుందట, అందుకే తగిలితే రక్తం కారుతుందట. గర్భిణుల్లో సుమారు 5 శాతం వరకు ఇలాంటివి కనిపిస్తాయని, ఎక్కువగా మూడో నెల దాటిన తరువాత, పై చిగుళ్ల ముందు భాగంలో, రెండు పళ్ల మధ్య వస్తాయని చెప్పారు. నా విషయంలో అన్నీ అచ్చంగా అలాగే ఉన్నాయి. ఆ మాట విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన సమాధానాన్ని ఇక్కడ రాయడం అవసరం, ఎందుకంటే మన ఇళ్లలో దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. గర్భంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు పెరగడం వల్ల చిగుళ్లలో రక్తప్రసరణ ఎక్కువవుతుంది, నాళాల గోడలు సడలుతాయి, పళ్లపై ఉన్న పాచిని చిగుళ్లు మామూలు కంటే తీవ్రంగా ఎదిరిస్తాయి. అంటే హార్మోన్లు ఉన్న వాపును పెంచుతాయే గానీ, ఆ వాపుకు మూలం పళ్ల మొదట్లో పేరుకున్న పాచి, గారలే. నా కోరపన్ను వెనుక గట్టిపడిన గార ఉందని, బొడిపె సరిగ్గా దానికి ఎదురుగానే లేచిందని అద్దంలో చూపించారు. పెళ్లయిన తరువాత నాలుగేళ్లలో ఒక్కసారీ పళ్లు శుభ్రం చేయించుకోలేదు. కడుపులో బిడ్డ తల్లి పళ్లలోంచి సున్నం లాక్కుంటుందని, అందుకే కాన్పుకో పన్ను ఊడుతుందని మా అమ్మమ్మ అనేది. పళ్లలో ఒకసారి చేరిన కాల్షియం అలా తిరిగి పోదని, బిడ్డకు కావలసినది తల్లి తినే ఆహారం నుంచీ, అది చాలకపోతే ఎముకల నుంచీ వెళుతుందని ఆమె ఓపికగా చెప్పారు. ఆ నమ్మకం వల్ల ఎంతమంది తల్లులు పోయే పన్నేదో పోతుందిలే అని ఊరుకుని ఉంటారో అనిపించి బాధ కలిగింది.

వెంటనే కోసేయమని నేనే అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. గర్భంలో ఉండగా తీస్తే హార్మోన్లు అలాగే ఉంటాయి గనుక మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువని, కాన్పు తరువాత చాలావరకు తనంతట తానే చిన్నదవుతుందని, అన్నం తినడానికి అడ్డమైనా, రక్తం ఆగకపోయినా, పన్ను కదిలినా అప్పుడే తీయడం గురించి ఆలోచిద్దామని చెప్పారు. ముందు గార తీద్దాం, తరువాత చూద్దాం అన్నది ఆమె నిర్ణయం. ఎక్స్‌రే అవసరమా అని అత్తయ్య భయంగా అడిగినప్పుడు, ఇప్పటికి లేదని, అవసరమైన రోజున మాత్రం పొట్టకూ మెడకూ సీసపు కవచం వేసి తీస్తే భయపడవలసిన పని లేదని చెప్పారు. పంటి ఎక్స్‌రేలు, మత్తు సూది, పళ్లు శుభ్రం చేయడం, పుచ్చు పూడ్చడం వంటివి గర్భంలో సురక్షితమేనని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే తన సూచనల్లో స్పష్టంగా చెప్పిందన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ల తరువాత కూడా మన నగరంలో నోరు చూడకుండానే కాన్పయ్యాక రమ్మనే చోట్లు ఉండడం నాకు మింగుడుపడని విషయం.

చక్కెర పరీక్షలో ఏ తేడా లేదని తేలాక, ఇరవై ఒకటో వారంలో ఒకసారి, ఇరవై మూడో వారంలో మరోసారి, రెండు విడతలుగా పళ్లు శుభ్రం చేశారు. ఒకేసారి గంటసేపు పడుకోబెట్టడం ఇష్టం లేక అలా విడగొట్టారు. కుర్చీని పూర్తిగా వాల్చకుండా, నా కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి శరీరం కొంచెం ఎడమకు ఒరిగేలా చేశారు. వెల్లకిలా పడుకుంటే పెరిగిన గర్భసంచి బరువు వెనుకనున్న పెద్ద రక్తనాళంపై పడి రక్తపోటు పడిపోవచ్చని, కళ్లు తిరిగితే చెయ్యెత్తమని ముందే చెప్పారు. బొడిపె ఉన్న చోట మాత్రమే లిడోకెయిన్ మత్తు సూది వేశారు. సహాయకురాలు పది నిమిషాలకొకసారి ఆపి, "లేచి కూర్చుంటారా అక్కా?" అని అడుగుతూనే ఉంది. చిన్న విషయంలా కనిపించవచ్చు గానీ, ఆరో నెల కడుపుతో ఆ కుర్చీలో ఉన్న మనిషికి అది చిన్నది కాదు. నొప్పికి అవసరమైతే పారాసిటమాల్ మాత్రమే వేసుకోమని, ఐబుప్రోఫెన్ వంటివి ఇంట్లో ఉన్నా ముట్టుకోవద్దని, ముఖ్యంగా ఇరవై వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాలకు మంచివి కావని చెప్పారు. వేసుకోవలసిన అవసరం రాలేదు.

ఇంటి దగ్గర చేయవలసిన వాటి గురించి చేతిరాతతో తెలుగులో ఒక కాగితం రాసి ఇచ్చారు. మెత్తటి కుచ్చున్న బ్రష్షు, 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, రోజుకు రెండుసార్లు తోమడం, రాత్రిపూట పళ్ల సందుల్లో దారంతో శుభ్రం చేయడం, గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించడం అందులో ఉన్నాయి. రక్తం వస్తోందని ఆ చోటును తోమకుండా వదిలేయడమే నేను అప్పటిదాకా చేసిన తప్పు. వదిలేసిన చోటే పాచి పేరుకుంటుంది, పాచి ఉంటే రక్తం ఇంకా వస్తుంది. వాంతి అయిన వెంటనే పళ్లు తోమకూడదన్న సంగతి కూడా నాకు కొత్తే. కడుపులోని ఆమ్లం తగిలి పంటిపై పొర మెత్తబడి ఉంటుంది గనుక, అప్పుడు తోమితే ఆ పొర అరిగిపోతుంది. కప్పు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట పైన ఆగి తోముకోమన్నారు. చింతకాయ, పచ్చిమామిడి ముక్కల మీద నాకున్న కోరికను వద్దనలేదు. రోజంతా కొంచెం కొంచెం నమలకుండా, ఒకేసారి తిని నీళ్లు పుక్కిలించమన్నారు. ఏడో నెలలో మా అమ్మ తెచ్చిన చలిమిడి విషయంలోనూ అదే పాటించాను. తీపి ఎంత తిన్నామన్నది ఒక లెక్క, పళ్లకు అంటుకుని ఎంతసేపు ఉందన్నది అంతకంటే పెద్ద లెక్క అని ఆమె చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది.

శుభ్రం చేయించాక మూడు వారాల్లో మిగతా చిగుళ్ల వాపు చాలా తగ్గింది. బొడిపె మాత్రం అంతే ఉంది, కాకపోతే పెరగడం ఆగింది. ఇరవై ఎనిమిదో వారంలో ఒక రాత్రి జొన్నరొట్టె అంచు గీసుకుని రక్తం ధారగా కారడం మొదలైంది. పదిన్నర దాటింది. మా వారు వైద్యశాల నంబరుకు ఫోన్ చేస్తే, అది వైద్యురాలి ఫోనుకే కలిసింది. శుభ్రమైన గాజుగుడ్డను మడిచి బొడిపె మీద పెట్టి, మధ్యలో తీసి చూడకుండా గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టమని, తల వెనక్కి వాల్చకుండా కూర్చోబెట్టమని చెప్పారు. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి బయలుదేరమని, తాను కూడా వస్తానని అన్నారు. పదిహేను నిమిషాల తరువాత ఆమే మళ్లీ ఫోన్ చేసి అడిగారు. ఆగింది. మరునాడు పొద్దున్నే రమ్మని, బొడిపె పుండు పడలేదని చూసి, మా ప్రసూతి వైద్యురాలితో నా ముందే ఫోనులో మాట్లాడి, ఇంకోసారి ఇలా జరిగితే గర్భంలోనే తీసేద్దామని ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. మళ్లీ అలా జరగలేదు. ఈ వైద్యశాలకు నేను ఎన్ని మార్కులు వేసినా, అందులో సగం ఆ రాత్రి ఫోనుకే చెందుతాయి.

చిగుళ్ల జబ్బు ఉంటే నెలలు నిండకుండానే కాన్పు అవుతుందని ఎవరో చెప్పగా విని, అదీ ఆమెను అడిగాను. ఆ రెండూ కలిసి కనిపిస్తాయని చాలా పరిశీలనల్లో తేలిన మాట నిజమేనని, అయితే 2006లో అమెరికాలో 823 మంది గర్భిణులపై జరిగిన పరిశోధనలో, గర్భంలో చిగుళ్లకు వైద్యం చేసినందువల్ల ముందస్తు కాన్పులు తగ్గలేదనీ, ఆ వైద్యం వల్ల తల్లికీ బిడ్డకూ హాని జరగలేదనీ, చిగుళ్లు మాత్రం బాగుపడ్డాయనీ చెప్పారు. మా దగ్గర శుభ్రం చేయించుకుంటే బిడ్డ నెలలు నిండి పుడుతుందని నమ్మించి డబ్బు తీసుకోవడం చాలా తేలిక. ఆమె ఆ పని చేయలేదు. నేను ఆమెను పూర్తిగా నమ్మడం మొదలైంది అక్కడే.

పాప ముప్పై తొమ్మిదో వారంలో పుట్టింది. ఆరు వారాలకు బొడిపె శనగగింజ నుంచి కందిగింజంతకు తగ్గి, ఎరుపు పోయి గులాబీ రంగుకు వచ్చింది. మూడో నెలలో చూపించుకుంటే, ఇక తగ్గడం ఆగిందని, మిగిలిన ముక్క గట్టిపడిందని, తీసి పరీక్షకు పంపడం మంచిదని చెప్పారు. పైకి ఇలాగే కనిపించే వేరే రకం చిగుళ్ల కండలు కూడా ఉంటాయి గనుక, తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి తేల్చుకోవాలట. మత్తు సూదికి పాలివ్వడం ఆపనక్కర లేదని చెప్పి, పాపకు పాలు పట్టి వచ్చాకే మొదలుపెట్టారు. కోతకు ఇరవై నిమిషాలు పట్టింది. పై ముక్కను మాత్రమే కోయకుండా, కింద ఎముకను అంటిన పొర దాకా తీసి, పక్క పళ్ల వేర్లను మళ్లీ గీకి శుభ్రం చేశారు. మొదలు మిగిలిపోతేనే తిరిగి వస్తుందట. వారం తరువాత నివేదిక వచ్చింది, మొదటి రోజు ఆమె చెప్పిందే అందులోనూ ఉంది. ఇప్పటికి నాలుగు నెలలు అవుతోంది, చిగురు నున్నగా, పక్క చిగురులాగే ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. వైద్యశాల రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. తొమ్మిదో నెలలో ఆ మెట్లు ఎక్కడం చాలా కష్టమైంది. గర్భిణులను ఇంత శ్రద్ధగా చూసే చోట కనీసం కింద కూర్చోవడానికి ఒక కుర్చీ, సాయం పట్టడానికి ఒక మనిషి ఉండాలి. సాయంత్రం ఆరున్నరకు సమయం ఇచ్చి ఏడున్నర దాకా కూర్చోబెట్టిన రోజులు మూడు ఉన్నాయి. ఒక్కొక్కరితో అంతసేపు మాట్లాడే వైద్యురాలి దగ్గర ఆలస్యం కావడం అర్థం చేసుకోగలను, కానీ సమయాలు ఇచ్చేవారు ఆ సంగతి ముందే లెక్కలో పెట్టుకోవాలి. పరీక్షకు పంపిన ముక్కకు విడిగా 900 రూపాయలు అవుతుందని కోత అయ్యాక గానీ చెప్పలేదు. మిగతా ఖర్చులు ముందే చెప్పారు: చూసినందుకు 300, రెండు విడతల శుభ్రానికి కలిపి 1,500, కోతకు 3,500 తీసుకున్నారు. మధ్యలో బొడిపెను చూపించుకోవడానికి వెళ్లిన నాలుగుసార్లు, రక్తం కారిన మరునాటితో సహా, ఏమీ తీసుకోలేదు.

ఇంత ఖర్చు పెట్టలేని వారు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లవచ్చు. అక్కడ చిగుళ్లకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. ఎక్కడికి వెళ్లినా గర్భిణుల పుస్తకం, రక్త పరీక్షల కాగితాలు వెంట తీసుకెళ్లండి. ఆ పుస్తకంలో బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్ రాయడానికి గడులు ఉన్నట్టే, నోరు చూశారా లేదా అని రాయడానికి కూడా ఒక గడి ఉండి ఉంటే, నేను నాలుగో నెలలోనే ఆ గార తీయించుకునేదాన్నని చాలాసార్లు అనిపించింది.

చివరిసారి వెళ్లినప్పుడు వైద్యురాలు పాప చిగుళ్లను తడిగుడ్డతో తుడవడం నేర్పించి, మొదటి పన్ను కనిపించగానే, ఎంత ఆలస్యమైనా ఏడాది నిండేలోపు, ఒకసారి తీసుకురమ్మన్నారు. మొన్న పాప కింది చిగురుపై తెల్లటి గీత కనిపించింది. వచ్చే నెల మొదటి వారానికి ఇద్దరి పేర్లూ రాయించాను.